పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి

2005 ఆగస్టు 8, సోమవారం, తెల్లవారి 5 గంటల 14 నిమిషాలకు ఏలూరులో మా ఆఫీసు ఫోను మోగింది. అవతల కొల్లేటికోట మనిషి. ఎనిమిది నిమిషాల కిందటే ఫోను చేసి తన చెరువు రీడింగు చెప్పినవాడే. ఇద్దరు బావమరుదులతో కలిసి ఆరెకరాల చేపల చెరువు కౌలుకు చేస్తున్నాడు. మా జాబితాలో ఆ చెరువు నంబరు 147.

"పంతులమ్మగారండీ, ట్రాక్టరు బయల్దేరిందాండీ?"

"పేజీ ఇంకా తెరుచుకోలేదయ్యా. ఉండు."

"మీ పేజీకి మెలకువ రాలేదు గానండీ, మా చేపలకి వచ్చేసిందండీ. నోళ్ళు తెరుచుకుని పైకొచ్చి నా మొహంలోకే చూస్తున్నాయి. ఏం చెప్పమంటారు వాటికి?"

నా చేతిగడియారం చూసుకున్నాను. పేజీ 5.18కి తెరుచుకుంది. 147 రెండో వరసలో ఉంది. ట్రాక్టరు 5.40కి అక్కడికి చేరింది. ఆ రోజుకు చేపలు బతికాయి. నోటుబుక్కులో "పేజీ 4 ని. ఆలస్యం" అని రాసుకున్నాను. అప్పటికి పద్నాలుగు నెలలుగా ఆ పేజీ నడుస్తోంది. అది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో నేను రాసుకోవడం అదే మొదలు. వాన ఎప్పుడు మొదలైందో, కరెంటు ఎప్పుడు పోయిందో రాసుకునే మనిషిని. దీన్ని మాత్రం రాసుకోలేదు.

నేను తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏలూరు వచ్చాక చేపల రైతుల సంఘం వాళ్ళు రీడింగుల పుస్తకాలు చూసిపెట్టమని అడిగారు. పని చిన్నదే. మబ్బు పట్టిన రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. తెల్లవారుజామున మరీ తగ్గుతుంది. అప్పుడు చేప పైకి తేలుతుంది, ఇంకాసేపు ఆలస్యమైతే చస్తుంది. అందుకని ప్రతి చెరువు దగ్గరా తెల్లవారకముందే ఒక సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తారు. రంగు పోయేసరికి ఎన్ని చుక్కలు పట్టాయో అదే రీడింగు. చుక్కలు తక్కువ పడితే గాలి తక్కువ అని అర్థం. సంఘానికి మూడు ట్రాక్టర్లు ఉండేవి. ఒక్కోదాని వెనక ఒక డీజిల్ ఇంజను. అది చెరువు నీటినే తోడి మళ్ళీ చెరువులోకి చిమ్ముతుంది. ఆ చిమ్మడంలో నీళ్ళకు గాలి పడుతుంది.

ట్రాక్టర్లు మూడు, చెరువులు నూట అరవై. ముందు ఎటు వెళ్ళాలో చెప్పడానికే ఆ పేజీ. ఇంటర్నెట్ ఉన్న టెలిఫోను బూతులున్న ఊళ్ళలో అక్కడి కంప్యూటర్లోనే రీడింగులు ఎక్కించేవారు. కొల్లేటికోటలాంటి చోట్ల నుంచి మాకు ఫోను చేస్తే మేం ఎక్కించేవాళ్ళం. అయిదుంబావు కావస్తుండగానే ట్రాక్టరు డ్రైవర్లు ముగ్గురూ తమ దగ్గరి బూతులో పేజీ తెరిచి, జాబితాలో పైన ఉన్న చెరువుకు ముందు బయల్దేరాలి.

జాబితా వరస నేను పెట్టిందే. అయిదు చుక్కలు ఒక చెరువుకు ప్రమాదమైతే ఇంకో చెరువుకు మామూలే. ఒక్కో చెరువుది ఒక్కో తత్వం. కాబట్టి ఇవాళ్టి రీడింగును ఆ చెరువు సొంత సగటుతో పోల్చాలి, ఎక్కువ పడిపోయినదాన్ని పైన పెట్టాలి అన్నాను. సగటు మొదటి రోజు నుంచీ కట్టాలి, ఒక్క రోజూ వదలకూడదు. కూడిక రెండుసార్లు చేయాలి, పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి. రెండూ ఒకటైతేనే చూపించాలి. ఇదంతా కాగితం మీద నంబర్లు వేసి రాసి, సంతకం పెట్టి, 2004 మే నెలలో ప్రోగ్రాము రాసే అమ్మాయికి ఇచ్చాను.

ఆ అమ్మాయిది తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇల్లు. వట్లూరు వైపు కాలేజీలో ఎంసీఏ చదివింది. మాట మెత్తన, పని గట్టి. నేను రాసిచ్చిన కాగితాన్ని కంప్యూటరు ఎదురుగా గోడకి అంటించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు రాసింది. మొదటి రోజు పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. సంఘం అధ్యక్షులవారు మైసూరుపాకు తెప్పించారు.

ఆ సోమవారం తొమ్మిదింటికి అధ్యక్షులవారు వచ్చి అంతా విన్నారు. "లైను బాగాలేదండీ. ఏలూరులో ఏది బాగుంది గనక! కొత్త మోడెం కొందాం" అన్నారు.

"లైను అయితే మిగతా పేజీలు కూడా ఆలస్యంగా రావాలి కదండీ" అంది అమ్మాయి నెమ్మదిగా.

"మిగతావి నువ్వు రాయలేదుగా, అమ్మా!" అని ఆయన నవ్వారు. ఆయన నవ్వుకి మేమిద్దరం నవ్వలేదు.

మోడెం వచ్చింది, మార్పు రాలేదు. మంగళవారం పేజీ పైన ఉన్న కొల్లేటి పక్షుల బొమ్మ మీద అనుమానపడ్డాం. అధ్యక్షులవారి అల్లుడు తీసిన ఫొటో అది, బాగా బరువైనది. బొమ్మ తీసేస్తే పదకొండు సెకన్లు కలిసొచ్చాయి. మిగతా మూడున్నర నిమిషాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బుధవారం అమ్మాయి పేజీలో రంగులు తగ్గించింది, గీతలు తగ్గించింది. అయిదు సెకన్లు. ఆ మూడు రోజులూ తెల్లవారుజామున కొల్లేటికోట నుంచి ఫోను వస్తూనే ఉంది. దసరా వెళ్ళగానే చేప పట్టాలని వాళ్ళ లెక్క. ఒక్కో బొచ్చె చేప అప్పటికే కేజీ దాటింది.

"పంతులమ్మగారండీ, పేజీ తెరిచేలోపు మా బావమరిది ఒకడు చెరువులో దిగి కాళ్ళతో నీళ్ళు కొడుతున్నాడండీ. వాడికీ ఒక నంబరివ్వండి, నాలుగో ఇంజను."

బుధవారం సాయంత్రం నేనన్నాను: "ఇలా ఊహించుకుంటూ పోతే లాభం లేదమ్మా. పెద్ద లెక్క తప్పిన పిల్లాడి నోటుబుక్కు ఎలా చూస్తాం? ఒక్కో మెట్టూ చూస్తాం. నీ ప్రోగ్రాములో ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగుతోందో తెలిసే దారి ఉందా?"

అమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది. "ఉందండీ. ప్రొఫైలర్ అని ఉంటుందండీ. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ పక్కన కూర్చుని, ఏ పని ఎన్నిసార్లు జరిగిందో, దేనికెంత టైము పట్టిందో రాసిపెడుతుంది."

"మంచి గుమాస్తా. మరి మొన్ననే ఎందుకు పెట్టలేదు?"

"రేపు పెడతానండీ" అంది.

గురువారం, ఆగస్టు 11, పదిన్నరకు అమ్మాయి మొత్తం రీడింగులకు నకలు తీసి, ఆఫీసు కంప్యూటర్లో వేరేగా పేజీని నడిపి, పక్కన ఆ గుమాస్తాను కూర్చోబెట్టింది. మొత్తం 218 సెకన్లు పట్టింది. తర్వాత ఒక పట్టిక వచ్చింది. ఎడమవైపు పనుల పేర్లు, మధ్యలో ఎన్నిసార్లు, కుడివైపు ఎన్ని సెకన్లు. ఎక్కువ టైము తిన్న పని అన్నిటికన్నా పైన ఉంది.

నాకు ప్రోగ్రాము చదవడం రాదు. అంకెలు చదవడం వచ్చు. పై వరసలో పని పేరు ఇంగ్లీషులో ఉంది, "ఒక రీడింగు తీసుకురా" అని దానర్థమట. 1,39,840 సార్లు. 211 సెకన్లు. మిగతా పనులన్నీ కలిపి 7 సెకన్లు. మేం మూడు రోజులు కుస్తీ పట్టిన బొమ్మ, రంగులు, గీతలు ఆ పట్టికలో అసలు లేనే లేవు.

"లక్షా ముప్ఫై తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై. ఇదేం సంఖ్యమ్మా?"

నేను కాగితం తీసుకున్నాను. 2004 జూన్ 1 నుంచి 2005 మే 31 వరకు 365 రోజులు. జూన్ 30, జూలై 31, ఆగస్టు 11. మొత్తం 437. రీడింగు రాని రోజు కూడా "రాలేదు" అని నమోదు చేయించేదాన్ని కాబట్టి ఏ చెరువుకూ ఒక్క వరసా తగ్గదు. 437ను 160తో గుణిస్తే 69,920. దాన్ని రెండుతో గుణించాను. ఒక్కటి కూడా తేడా లేకుండా వచ్చింది.

ఆ రెండు నాది. పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి.

ఆ 437 కూడా నాదే. పేజీ తెరిచిన ప్రతిసారీ, తెరిచిన ప్రతి మనిషికీ, మొదటి రోజు నుంచి అన్ని చుక్కలనూ ఒక్కొక్కటిగా గోదాములోంచి మోసుకొచ్చి రెండుసార్లు కూడుతోంది పాపం. రోజు రోజుకీ ఒక్కో చెరువుకు ఒక్కో రీడింగు పెరుగుతోంది, పేజీకి రోజుకు అర సెకను పెరుగుతోంది. అర సెకను ఎవరికి తెలుస్తుంది?

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగాను.

"మే నెల నుంచి అనుమానమండీ."

"చెప్పవేం?"

"చెప్పానండీ ఒకసారి. పాత కూడిక ఒకచోట దాచుకుని, ఏ రోజుది ఆ రోజు కలుపుకుంటే బాగుంటుందేమోనండీ అన్నాను. మీరు..." అని ఆగింది.

"నేనేమన్నాను?"

"నిన్నటి కూడికని ఇవాళ నమ్మేవాళ్ళు లెక్కలు చెప్పకూడదు అన్నారండీ."

అన్నాను. తారీఖుతో సహా గుర్తొచ్చింది. మే 19, గురువారం. టీ తాగుతూ అన్నాను.

"అంత తెలిసినదానివి, మళ్ళీ చెప్పకూడదూ?"

"పెద్దవాళ్ళు మీరు. మీ కాగితం తప్పని మీకెలా చెప్పనండీ? ముందు బొమ్మ తీసేస్తే సరిపోతుందేమో అనుకున్నాను. తర్వాత రంగులు తీసేస్తే సరిపోతుందేమో అనుకున్నాను." ఆమె కళ్ళు పట్టిక మీదే ఉన్నాయి. "సరిపోవని తెలుసులెండి."

కోపం రాలేదు. మా ఊళ్ళలో మర్యాద అలాగే ఉంటుంది. ఎదుటివాళ్ళ కూరలో ఉప్పు ఎక్కువైతే పెరుగు ఇంకాస్త వేసుకుంటాం గాని చెప్పం. కాకపోతే ఇక్కడ ఉప్పు ఎక్కువైంది నా కూరలో, తింటున్నది నూట అరవై చెరువులు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మాయి కొత్త పేజీ సిద్ధం చేసింది. చెరువుకు ఒక వరస. అందులో ఇప్పటివరకు మొత్తం ఎంత, ఎన్ని రోజులు, రెండే అంకెలు. కొత్త రీడింగు రాగానే ఆ మొత్తానికి కలుస్తుంది. పేజీ తెరిస్తే నూట అరవై భాగహారాలు, అంతే. ఆఫీసు కంప్యూటర్లో నా గడియారం సెకను ముల్లు కదిలేలోపు తెరుచుకుంది. మళ్ళీ తెరిపించాను. మళ్ళీ అంతే.

"సాయంత్రం సర్వర్లో పెట్టేయమంటారాండీ?" అంది. ఆ మొహంలో నవ్వు చూసి చాలా రోజులైంది.

ఇక్కడ నేను చేసింది రాయాలి. "సరిచూడకుండా పెట్టకూడదు" అన్నాను.

"పాత పద్ధతిలో వచ్చిన మొత్తాల్నీ కొత్త మొత్తాల్నీ కంప్యూటరుతోనే పోల్చానండీ. నూట అరవైకి నూట అరవై సరిపోయాయి."

"కంప్యూటరు చేసినదాన్ని కంప్యూటరుతోనే సరిచూస్తే దాన్ని సరిచూడడం అనరమ్మా. నా పుస్తకాల్లో ప్రతి చెరువుకూ నెలవారీ మొత్తాలున్నాయి. పద్నాలుగు నెలలు, ఆగస్టులో పన్నెండు రోజులు. చేత్తో కూడతాను. ఆదివారానికి అయిపోతుంది. సోమవారం పెడదాం."

ఆ అమ్మాయి నోరు తెరిచింది. ఈసారి చెబుతుందనుకున్నాను. "అలాగేనండీ" అంది.

రెండింటికి మొదలుపెట్టి ఏడింటికి ఆపాను. ఒకటో నంబరు నుంచి యాభై ఎనిమిదో నంబరు వరకు అయ్యాయి. ఒక్క తప్పూ లేదు.

శనివారం, ఆగస్టు 13. ఆకు కదలడం లేదు, ఆకాశం మూతపెట్టినట్టుంది. 5.06కి 147 రీడింగు చెప్పారు. మూడు చుక్కలు. దాని సగటు ఎనిమిది దాటి ఉంటుంది. అన్ని చెరువుల్లోనూ తగ్గింది కాబట్టి అన్ని బూతుల్లోనూ హడావిడి. పేజీ రాకపోయేసరికి డ్రైవర్లున్న మూడు చోట్లా మళ్ళీ మళ్ళీ నొక్కడం మొదలుపెట్టారు. నొక్కిన ప్రతిసారీ సర్వరు మొదటి రోజు నుంచి కొత్తగా కూడిక మొదలుపెడుతుంది, పాత కూడిక మానదు. పది కూడికలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. 5.20కి రాలేదు. 5.30కి రాలేదు.

147కి దగ్గరి ట్రాక్టరు ఉండే కైకలూరు బూతుకు ఫోను చేసి 147కి వెళ్ళమని నోటితోనే చెబుదామని చూశాను. ఎంగేజు. మాకున్నట్టు వాళ్ళకు రెండు లైన్లు లేవు, అదే లైను మీద పేజీ తెరుస్తున్నారు మరి. పేజీ వస్తేగాని లైను వదలరు, లైను వదిలితేగాని నా మాట చేరదు. పదకొండుసార్లు తిప్పాను.

కొల్లేటికోట నుంచి మూడోసారి ఫోను వచ్చింది. ఈసారి హాస్యం లేదు. "అమ్మగారండీ, తిరగబడుతున్నాయండీ" అన్నాడు. వెనకనుంచి ఆడమనిషి గొంతు ఏదో కేకేస్తోంది.

"కొత్తది పెట్టేయమంటారాండీ?" అంది అమ్మాయి. ఆమె వేళ్ళు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి.

"పెట్టు" అన్నాను. 5.34.

కొత్త పేజీ సర్వరుకు ఎక్కి, నడుస్తున్న కూడికలను ఆపించి, తెరిచేసరికి 5.52. తెరవగానే వచ్చింది. 147 అన్నిటికన్నా పైన ఉంది. కాని కైకలూరు డ్రైవరు చూసీ చూసీ విసుగెత్తి, 5.40కే రోడ్డు పక్కనున్న 112వ నంబరుకు బయల్దేరిపోయాడట. దానికి ఆరు చుక్కలు, దాని సగటూ దాదాపు అంతే, ఏ తొందరా లేదు. బూతు నుంచి మనిషిని సైకిలు మీద పంపి, అతన్ని వెనక్కి తిప్పించి, ఇంజను 147 గట్టు చేరేసరికి 6.35.

పదకొండింటి బస్సుకు నేనూ అమ్మాయీ బయల్దేరాం. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో, చివర గట్టు వెంట నడక. గట్టు మీద చేపలు పరిచి ఉన్నాయి. తెల్లటి పొట్టలు పైకి. ఆ మనిషీ, భార్యా, బావమరుదులిద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో బుట్టలతో ఏరుతున్నారు.

అతను నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చాడు. "ఇంత దూరం మీరెందుకొచ్చారండీ పంతులమ్మగారూ? కూర్చోండి. ఏవే, ఆ పీట ఇలా పట్రా."

నేను కూర్చోలేదు. "కొత్త పేజీ నిన్న మధ్యాహ్నమే సిద్ధమైందయ్యా. ఈ అమ్మాయి పెట్టేస్తానంది. నేనే ఆపాను, లెక్కలు సరిచూడాలని" అన్నాను.

"నిన్ననాండీ?" అన్నాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

భార్య బుట్ట దించింది. "సరిపోయాయాండీ మరి లెక్కలు?"

"యాభై ఎనిమిది చెరువులవి సరిపోయాయమ్మా. ఇంకా నూట రెండు చూడాలి."

"అయితే మాది ఇంకా రాలేదన్నమాట."

"ఊరుకోవే" అన్నాడతను.

"నేనేమన్నాను? వరసలో మా వంతు ఇంకా రాలేదన్నాను" అని ఆమె బుట్ట ఖాళీ చేసి మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

అమ్మాయి చెప్పులు విప్పి, చున్నీ నడుముకు చుట్టుకుని గట్టు దిగింది. అడక్కుండానే బొచ్చె చేపలు ఒకపక్క, శీలావతి చేపలు ఒకపక్క వేరు చేయడం మొదలుపెట్టింది. నేను నోటుబుక్కు తీశాను. అతను పదుల చొప్పున చెబుతుంటే రాసుకున్నాను. మూడు గంటల పది నిమిషాలకు పూర్తయింది.

తర్వాత ఆ పేజీ ఆలస్యం అనే మాట ఎప్పుడూ రాలేదు. మిగిలిన నూట రెండు చెరువులూ నేను చేత్తో కూడనూ లేదు. ఆ అమ్మాయి ఇంకో రెండేళ్ళు మాతో పనిచేసింది. నేనేదైనా కాగితం మీద రాసిస్తే ముందు చదివి, "ఇది కుదరదండీ" అనడం నేర్చుకుంది. మొదటిసారి అన్నప్పుడు నాకు చురుక్కుమంది, దాచను. కొల్లేటికోట మనిషి మరుసటేడు చెరువు చేయలేదు. బావమరుదులతో కలిసి మళ్ళీ కొల్లేట్లో వలకి వెళ్ళాడని విన్నాను.

నోటుబుక్కులో ఆ రోజు పేజీ ఇలా ఉంది.

13-8-2005, శనివారం. చెరువు నంబరు 147.
రీడింగు చెప్పిన టైము 5.06. ఇంజను చేరిన టైము 6.35. మధ్యలో 89 నిమిషాలు.
చచ్చిన బొచ్చెలు 1,126.
చచ్చిన శీలావతులు 2,840.
మొత్తం 3,966.